పొదుపు పొయ్యి దగ్గరేనా?

పొదుపు అనే మాట ఆడవాళ్ల కోసమే పుట్టిందని మన మగవాళ్లకి గట్టి నమ్మకం. పప్పు నానబెట్టి వండాలి, గిన్నె మీద మూత పెట్టాలి, కుక్కరు కూత వేయగానే మంట తగ్గించాలి. ఇవి మన అమ్మలు చెప్పినవే. ప్రభుత్వమూ చెప్పింది. పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ అని 1978లో ఒక సంస్థ వెలిసింది. వంటింటికి అది చేసిన హితబోధ సరిగ్గా ఇదే.

అదే సంస్థ, అదే నోటితో, కారు నడిపేవాళ్లకీ నాలుగు ముక్కలు చెప్పింది. గంటకి 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంలో వెళ్లండి, టైర్లలో గాలి చూసుకోండి, క్లచ్ మీద కాలు ఆనించి ఉంచకండి, బండి నిలిపితే ఇంజను ఆపండి అని. మన వంతు పాఠం మనం ఒప్పజెప్పాం. మరి వారి వంతో? పరిగి బస్టాండు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి, తెలుస్తుంది. ఏసీ వేసుకుని, ఇంజను గుర్రుమంటుండగా, ఫోనులో లోకాభిరామాయణం నడుపుతూ ఎంతమంది మహానుభావులో! ఖాళీ పొయ్యి అలా వెలిగించి వదిలేస్తే మనల్ని బతకనిస్తారా?

కారు కొనేటప్పుడు మాత్రం మొదటి ప్రశ్న ఒకటే: "మైలేజీ ఎంతిస్తుంది?" పాడిగేదెని బేరమాడుతూ పూటకెన్ని పాలిస్తుందని అడిగినట్టు. గేదె అయినా మేపే చేతిని బట్టే కదండీ ఇచ్చేది! కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి తీసింది. అక్కడ అడ్డమొచ్చే ఆటో ఉండదు, సంతరోజు జనం ఉండరు. ఇంటికొచ్చాక లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్నది కారు ఇచ్చేది కాదు, పాదం రాబట్టేది.

ఈ మాట అన్నందుకు మావారు, "నీకేం తెలుసు, నువ్వు నవలలు రాసుకో" అన్నారు. పైగా అనంతగిరి గుట్ట దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే చుక్క ఖర్చు కాదని ఆయన సిద్ధాంతం. చాలామంది ఇళ్లలో ఈ సిద్ధాంతం వేదవాక్కు. అది కార్బ్యురేటరు ఉన్న పాత బండ్ల కాలపు మాట. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో బండి గేరులో ఉండి, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే పల్లంలో పెట్రోలు సరఫరా దానంతటదే ఆగిపోతుంది. చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేశామంటే, ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. డబ్బు మిగలదు సరికదా, గేరు ఇచ్చే పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. మలుపుల్లో, వెనక సీట్లో పిల్లల్ని పెట్టుకుని చెయ్యాల్సిన పొదుపేనా ఇది?

ఇక వేగం సంగతి. బండి రెట్టింపు వేగంతో పోతే ఎదురుగాలి అడ్డుకునే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. హైదరాబాదు వైపు 60 కిలోమీటర్ల దారి అనుకోండి. గంటకి 80 చొప్పున పోతే ముప్పావు గంట, 60 చొప్పున పోతే గంట. మిగిలేది పావుగంట. ఆ పావుగంటతో ఏం సాధిస్తారయ్యా అంటే, దిగి టీ తాగుతారు! ముందున్న లారీని దాటకపోతే పరువు పోతుందని ఒక్క తొక్కు తొక్కడం, దాటగానే బ్రేకు వెయ్యడం. తొక్కినప్పుడు పోసిన పెట్రోలంతా బ్రేకు వేడిలో ఆవిరి. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర తాండూరు బస్సుకి జరిగిన ఘోరం ఈ దారిన తిరిగేవాళ్లెవరూ మరిచిపోలేదు. అక్కడ తప్పెవరిదన్నది నా వాదం కాదు. ఆ దారి మీద తొందరపడే హక్కు ఏ ఇంటి మగవాడికీ లేదన్నదే నా వాదం.

ఖర్చులేని ఉపాయాలు ఉండగా, పెట్రోలులో కలిపే మందులనీ, పైపుకి తగిలించే అయస్కాంతాలనీ డబ్బు తగలేస్తారు. మా వీధి చివర పంక్చరు వేసే అబ్బాయి ఒక్క మాటలో తేల్చేశాడు: "గాలి తక్కువుంటె బండి గుంజుకుపోతది అక్కా, పెట్రోలు తాగకేం జేస్తది?" నెలకి రెండుసార్లు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించడానికి ఇంజనీరింగు చదవాలా? డిక్కీలో మూడు నెలలుగా మోస్తున్న పాత సామాను దింపడానికి ముహూర్తం కావాలా?

"పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు, మైలేజీ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. నిజమే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే ఇంచుమించు మూడోవంతు తక్కువ. దానివల్ల కొంత తగ్గుతుంది. కానీ అది మన చేతిలో లేదు. పాదం మటుకు మన కాలికే ఉంది. గ్యాసు ధర పెరిగినప్పుడు మనం ధర తగ్గేదాకా మూత పెట్టడం మానేశామా?

లెక్క కూడా చెబుతాను. పరిగి నుంచి వికారాబాదుకి ఉద్యోగానికి రోజూ రానుపోను 40 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు అనుకుంటే 1000 కిలోమీటర్లు. లీటరుకి 15 వచ్చే బండి 18 ఇస్తే నెలకి 11 లీటర్లు మిగులు. లీటరు వంద చొప్పున చూసినా ఏడాదికి 13 వేల పైమాటే. పాలవాడి దగ్గర అర్ధరూపాయికి బేరమాడే మనం ఈ పదమూడు వేలకి నోరు మూసుకోవాలా?

అందుకే అక్కలారా, వదినలారా, సిలిండరు మార్చిన తేదీ క్యాలెండరు మీద రాసే అలవాటు మనకెలాగూ ఉంది. ఆ పక్కనే ఇంకో లెక్క రాయించండి. టాంకు నిండా పోయించినప్పుడు మీటరు అంకె, మళ్లీ నిండా పోయించినప్పుడు అంకె, రెండోసారి పట్టిన లీటర్లు. తేడాని లీటర్లతో భాగిస్తే బండారం బయటపడుతుంది. ఆడవాళ్లు నడిపితే కారు పెట్రోలు తాగుతుందనే ఇళ్లలో, ఒక నెల ఆయన నడిపిన లెక్క, ఒక నెల మీరు నడిపిన లెక్క పక్కపక్కన పెట్టండి. వాదన అంకెలే చేస్తాయి. వంటింట్లో మంట తగ్గించమని మనకి చెప్పే నోటికి, రోడ్డు మీద కాలు తగ్గించడమూ నేర్పాల్సిందే!