పిడులున్న ట్యాబ్లెట్టేనా?

మొన్న సెలవుల్లో మొయినాబాద్ నుంచి చేవెళ్లకు వెళ్తున్నాం. రోడ్డుకు అటూ ఇటూ ఊడలమర్రులు. చూసేవాళ్లేరీ? వెనక సీట్లో మా పిల్లలిద్దరూ ఒక్క ట్యాబ్లెట్ కోసం జుట్లు పట్టుకుంటున్నారు. డల్లాస్ నుంచి వచ్చిన మేనల్లుడు సంచిలోంచి నింటెండో స్విచ్ తీశాడు. దాని రెండు పక్కలా ఉన్న పిడులను ఊడదీసి చెరొకటి ఇచ్చి, తెరను తన ఒళ్లో నిలబెట్టాడు. చేవెళ్ల వచ్చేదాకా గొడవ లేదు.

దిగగానే మా వాడు, "నాన్నా, మనమూ ఒకటి కొందాం" అన్నాడు. ఇంట్లో ట్యాబ్లెట్ ఉండగా మళ్లీ ఇదెందుకు? నిజంగా కొత్త వస్తువేనా, లేక ట్యాబ్లెట్‌కే పిడులు తగిలించి అమ్ముతున్నారా?

లోపల చూస్తే రెండో మాటే నిజమనిపిస్తుంది. ఆపిల్ ఐప్యాడ్ 2010లో వచ్చింది, స్విచ్ 2017లో. స్విచ్‌లో వాడిన టెగ్రా ఎక్స్1 చిప్ 2015లోనే గూగుల్ పిక్సెల్ సి ట్యాబ్లెట్‌లో ఉంది. తెర 6.2 అంగుళాలే. అయినా పిక్సెల్ సి పేరు ఎవరికీ గుర్తులేదు, స్విచ్‌లు మాత్రం 15 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

కిటుకు ఎక్కడుంది? నింటెండోలో గున్‌పేయి యొకోయి అనే ఇంజినీరు ఉండేవారు. 1980లో గేమ్ అండ్ వాచ్‌నూ, 1989లో గేమ్ బాయ్‌నూ తయారుచేసింది ఆయనే. పాతబడి చవకైన సాంకేతికతను ఎవరూ ఊహించని పనికి వాడాలన్నది ఆయన సూత్రం. స్విచ్ చేసిందీ అదే. చేతిలో ఆడుతున్న ఆటను డాక్‌లో పెడితే, ఆపినచోటు నుంచే టీవీలో సాగుతుంది. అదే కంపెనీ 2012లో తెచ్చిన వీ యూలోనూ చేతిలో తెర ఉండేది. కానీ ఆట నడిచేది పెట్టెలో. పెట్టెకు దూరంగా వెళ్తే ఆట ఆగిపోయేది. జనం దాన్ని పట్టించుకోలేదు.

అలాగని కళ్లు మూసుకుని కొనేయక్కర్లేదు. ట్యాబ్లెట్‌లో పాఠాలు చదవొచ్చు, అమెరికాలో ఉన్న వాళ్లతో మాట్లాడొచ్చు. స్విచ్ ఉన్నది ఆటకే. ట్యాబ్లెట్‌లో చాలా ఆటలు ఉచితం. దీనికి పెద్ద ఆటలు డబ్బు పెట్టి కొనాలి. పైగా 2017లో ఇది విడుదలైనప్పుడు మన దేశంలో అధికారికంగా రాలేదు. చిలుకూరు బాలాజీకి వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి, అది వచ్చాక 108 మొక్కు తీర్చుకుని వెళ్లినవాళ్ల సూట్‌కేసుల్లోనే ఎక్కువగా మన ఊళ్లకు చేరింది. చెడిపోతే బాగుచేయించుకోవడం మన తిప్పలే.

ఆ సాయంత్రం చేవెళ్లలో దాన్ని టీవీకి తగిలించారు. బౌలింగ్ ఆట. మా అమ్మ కాసేపు చూసి, పిడి తీసుకుని, గోలీ విసిరినట్టు చెయ్యి విసిరింది. తెర మీద పిన్నులన్నీ పడ్డాయి. పిల్లలు ఎగిరి గంతేశారు.

"గా పలకల ఒక్కడే తల వంచుకొని ఆడుతడు. గది ఆటెట్లయితది బిడ్డా? ఇగో, ఇది ఆట" అంది.

వస్తువు కొత్తది కాదు, ఆడే తీరు కొత్తది. మీ ఇంట్లో రెండో పిడి పట్టుకునే మనిషి ఉంటే కొనండి. లేకపోతే ఉన్న ట్యాబ్లెట్ చాలు. మా ఇంట్లో ఆ మనిషి ఎవరని మా వాడు అడుగుతున్నాడు. జవాబు చెప్పాల్సింది నేనే.