త్రోవ యెవరిది?



పెండ్లియై అమెరికాకు బోవు బాలికలకు మనము పొడులును, పచ్చళ్లును, అప్పడములును మూటగట్టి యిచ్చుచున్నాము. అచ్చటి మోటారు పరీక్షకు వలయు తెలివిని మాత్రము గట్టి యిచ్చుట లేదు. మన బండి ఆత్మకూరున బస్సునకో ఆటోకో చేయి యెత్తినచో నంద్యాల చేరవచ్చును. తెలుగు కుటుంబములు మెండుగా నున్న డల్లాసు చుట్టుపట్ల, ఫ్రిస్కో, ప్లేనో మున్నగు నూళ్లలో పెక్కుచోట్ల నట్టి వసతి లేదు. పట్టముగొన్న పిల్ల కొత్తిమీరకట్టకై మగడు పనినుండి వచ్చుదాక వాకిలి చూచుచు గూర్చుండవలసినదేనా?

ఆ యూళ్లున్న టెక్సాసు రాష్ట్రమున వ్రాతపరీక్ష యందు 30 ప్రశ్నలుండును. వానిలో 21 యొప్పు గావలెను. 18 మొదలు 24 ఏండ్ల వయసువారు 6 గంటల పాఠమును గూడ ముగింపవలెను. పరీక్ష ఇంగ్లీషునను స్పానిషునను జరుగును గాని తెలుగున లేదు. కొందరు ప్రశ్నలను జవాబులను వల్లెవేయింతురు. అది నాకు సమ్మతము గాదు. మన పిల్లల కన్నులు పుట్టినది మొదలు ఎడమప్రక్క నడచు బండ్లకు అలవడినవి. అచ్చట నంతయు కుడిప్రక్క నడక. వల్లించిన జవాబు కూడలిలో ఎట్లు తోచును?

అన్నిటికంటె చిక్కుపెట్టునది "రైట్ ఆఫ్ వే" యను మాట. దీనిని "త్రోవహక్కు" అని తెనిగించిన పిల్లలు తమకేదో యధికారము వచ్చినదని తలంతురు. ఇరుకుత్రోవలో ఎదురుపడి, తొలగుమన్న తొలగక కల్మాషపాదుడు శక్తిని కొరడాతో గొట్టి శాపము దెచ్చుకొన్న భారతకథ మీరెరిగినదే. అచ్చటి శాసనము ఎవరు గొప్పయని యడుగదు. ఎవరు ఆగవలెనో చెప్పును. ఈ యొక్క యర్థము మనసున నాటినచో సగము ప్రశ్నలు తామే విడిపోవును.

మా వీధిలోని యొక బాలికకు నేను వాకిట ముగ్గుపిండితో నాలుగుదారుల కూడలి వ్రాసి, చింతగింజలను బండ్లుగా నుంచి చూపితిని. నలువైపుల "స్టాప్" పలకలున్నచోట అందరును పూర్తిగా నిలువవలెను. ముందు వచ్చినవారు ముందు పోవలెను.

"చిన్నమ్మా, ఇద్దరమొకేసారి వచ్చినచో?" అని యామె యడిగెను.

"నీ కుడిచేతివైపున నున్నవారిని పోనిమ్ము" అంటిని. గింజలను పదిమారులు జరుపుటతో ఆ సందేహము తీరెను.

పలకల రూపములు సులభము. స్టాప్ పలక అచ్చటను ఎనిమిది మూలల ఎఱ్ఱనిదే. హెచ్చరికకు మనకు ఎఱ్ఱయంచు ముక్కోణము. వారికి మూలపై నిలువబెట్టిన పసుపు చదరము. వేగము మైళ్లలో నుండును. 30 అనగా మన లెక్కకు 48 కిలోమీటర్లు. ఎఱ్ఱదీపమున్నను, వలదను పలక లేనిచో, పూర్తిగా ఆగి, నడచువారికిని వచ్చు బండ్లకును దారి యిచ్చి, కుడికి తిరుగవచ్చును. ఆంబులెన్సు వచ్చినపుడు కుడియంచునకు జరిగి నిలువవలెను.

బడిబస్సు సంగతి మాత్రము మఱిమఱి చెప్పుడు. అది ఎఱ్ఱదీపములు మినుకుమినుకుమనుచు నిలిచినచో వెనుకవారే గాక ఎదుటనుండి వచ్చువారును ఆగవలెను. నడుమ గట్టువంటి యడ్డు గల రోడ్డున మాత్రమే ఎదుటివారికి విడుపు. ఆగిన మన బస్సును దాటిపోవుటయే చూచి పెరిగిన పిల్లకు ఇది క్రొత్త. దిగి రోడ్డు దాటునది పసిబిడ్డలు గదా!

ప్రయాణమునకు ముందు మూడు వారములు, సాయంకాలము దీపము పెట్టిన పిదప అరగంట కూర్చున్న జాలును. తల్లికి ఇంగ్లీషు రాకున్నను గింజలు జరుపవచ్చును. బండి నడిపి చూపు రెండవ పరీక్షకు వలయు చేతి యలవాటు అచ్చటనే కుదురవలెను. నేర్పునపుడు మగడు కసరుకొనువాడైనచో, సొమ్ము గైకొని ఓర్పుతో నేర్పు బడులు అచ్చటను గలవని పిల్లకు ముందే చెప్పి పంపుడు.