పతకం ఆడపిల్లది, కుర్చీ ఎవరిది?

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన జిల్లా ఊసవానిపేటలో పెరిగిన ఆడపిల్ల. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. ఆడది బరువెత్తగలదా అన్న ప్రశ్న ఆనాడే తీరిపోయింది. క్రీడా సంఘాల కుర్చీలు ఎవరివన్నదే తీరలేదు.

2023 జనవరిలో మహిళా మల్లయోధులు కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు లైంగికంగా వేధించాడని ఆరోపిస్తూ ఢిల్లీలో ధర్నాకి కూర్చున్నారు. ఆ డిసెంబరు 21న సమాఖ్య ఎన్నికలు జరిగితే అతని అనుచరుడికి 40 ఓట్లు, 2010 కామన్వెల్త్ స్వర్ణ విజేత అనితా శ్యోరాణ్‌కి 7. కుస్తీ తెలిసినామె, ఓట్లున్న చోట మనుషులు లేక ఓడింది.

మన దగ్గర మాత్రం వేరా? పదవులు టీకొట్టు దగ్గర, కాంట్రాక్టరు అరుగు మీద, కులం బంతిలో పంచుకుంటారు. పలాసలో జీడిపిక్కలు కొట్టే తల్లి కూతురికి, ఉద్దానం పేటలో కబడ్డీ ఆడే గుంటకి అక్కడ పీట వేసేదెవరు?

2025 నాటి జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సంఘాల కార్యవర్గాల్లో కనీసం నలుగురు మహిళలుండాలంది. మంచిదే. ఆ నలుగురూ పెద్దల కోడళ్లే అయితే మన పేటలకి ఒరిగేదేంటి?

అందుకే మేం అంటున్నాం: పరిచయాలు మనమే కట్టుకుందాం. టెక్కలి, పలాస, సోంపేట, కవిటిల్లో ఒకప్పుడు ఆడి ఇంట్లో కూర్చున్న అక్కచెల్లెళ్ల పేర్లు రాయండి. వాళ్లని ఒకచోట కలపండి. పేటలో క్లబ్బు పెట్టి జిల్లా సంఘంలో సభ్యత్వం అడగండి. ఓటు చేతికొస్తేనే కుర్చీ కదులుద్ది.

జై భీమ్!