నిలబెట్టింది మనమే

మోకాలి వెనక సిరలు నీలంగా మెలికలు తిరిగి తేలితే చాలు, సలహాలకు మన దగ్గర కరువుండదు. బరువు తగ్గు, రోజూ నడు, కాళ్లు ఎత్తు మీద పెట్టుకో, బిగుతు సాక్సులు వేసుకో. ఒక్కటీ తప్పుడు సలహా కాదు. కాకపోతే అవి ఎవరికి చెబుతున్నామో, వాళ్లను రోజంతా నిలబెడుతున్నది ఎవరో మనల్ని మనం ఎన్నడూ అడగలేదు.

కాళ్లలో రక్తం గుండెకు ఎదురెక్కి పోవాలి. అది మళ్లీ కిందికి జారకుండా సిరల్లో కవాటాలుంటాయి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి 90 మి.మీ. దాకా ఉంటుంది. కవాటాలు బాగున్న మనిషి నాలుగడుగులు వేస్తే అది 30కి అటూ ఇటూగా దిగుతుంది. కాలిని పాడుచేసేది నడక కాదు, కదలనివ్వని నిలుపు. వంశం, కాన్పులు, వయసు, బరువు కూడా కారణాలే. వాటిలో చాలావరకు మన చేతిలో లేవు. నిలుపు ఉంది.

ముందు ఇంటి సంగతి చెప్పుకుందాం. పొయ్యి నేల మీంచి గట్టెక్కిన నాడే వంటచేసే మనిషి కూడా లేచి నిలబడింది. ఆ తర్వాత గ్యాసు వచ్చింది, మిక్సీ వచ్చింది, చిమ్నీ వచ్చింది. ఎత్తు స్టూలు మాత్రం వంటింట్లోకి రాలేదు. గట్టు మీద గ్రానైటు రంగు గురించి మేస్త్రీతో గంటలకొద్దీ మాట్లాడినవాళ్లం, దాని ముందు కూర్చునే వీలు గురించి ఒక్క మాట అడగలేదు. దోసె పెనం మీంచి నేరుగా కంచంలోకి రావాలి మనకు. ఇంటిల్లిపాదీ తిని లేచేదాకా ఆమె పెనం దగ్గరే.

పిక్కలు లాగుతున్నాయంటే కొబ్బరినూనె రాసుకోమన్నాం. సాయంత్రానికి చీలమండ వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే వయసన్నాం. చీలమండకు పైన, లోపలి వైపు, చర్మం నల్లబడి దురద పెడితే తామరనుకుని మందులషాపు నుంచి ఏదో ట్యూబు తెచ్చిచ్చాం. అదే చోట పుండు పడి నెలలు గడిచినా మానకపోతే అప్పుడు గుర్తొచ్చాడు డాక్టరు. చర్మం నల్లబడ్డప్పుడే, సిరల్లో రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ తీయిస్తే సరిపోయేది.

ఇక సాక్సులు. వాటికి కొలత వాపు ఎక్కకముందే, పొద్దున్నే తీసుకోవాలి. మంచం దిగకముందే తొడుక్కుని రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్యాలి. షుగరు వల్లో పొగ వల్లో కాళ్ల ధమనులు పూడుకుపోయినవాళ్లకు ఇవి చేటు చేస్తాయి కూడా, అందుకే డాక్టరు చూశాకే వేసుకోవాలి. ఇవేవీ కనుక్కోకుండా ఫోన్లో ఏదో సైజు ఆర్డరు పెట్టి బాధ్యత తీరిందనుకున్నాం. మే నెల బెజవాడ ఎండలో, మండే పొయ్యి పక్కన అవి తొడుక్కుని నిలబడి చూస్తే తెలిసేది. రెండో రోజుకి అవి బీరువాలో చేరితే “చెప్పినమాట వినదు” అనేశాం. కాళ్లు గుండెకన్నా ఎత్తులో ఉంచి పావుగంట పడుకోమన్నదీ మనమే, ఆ పావుగంటలోనే టీ అడిగిందీ మనమే.

బయట మనం ఇంతకన్నా మెరుగేమీ కాదు. చాలా ప్రైవేటు స్కూళ్లలో క్లాసులో టీచరుకు కుర్చీ ఉండదు. ఉంటే మనమే ఊరుకోం, “కూర్చుని పాఠం చెబుతోంది” అని పేరెంట్స్ మీటింగులో ఎత్తిచూపిస్తాం. నిలబడితే శ్రద్ధ, కూర్చుంటే బద్ధకం అన్నది మన లెక్క. ఆ లెక్క ఎక్కడ నేర్చామో గాని, సెక్యూరిటీ గార్డు నుంచి పెళ్లిలో వడ్డించే కుర్రాడి దాకా అందరికీ అదే వర్తింపజేశాం.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 44వ సెక్షన్లో, నిలబడి పనిచేసేవాళ్లకు సందు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలంది. దుకాణాల మాట మాత్రం కేరళలో వాటిలో పనిచేసే ఆడవాళ్లే రోడ్డెక్కి తేల్చుకోవాల్సి వచ్చింది. కోళిక్కోడ్ మిఠాయి వీధిలో పి. విజి కూడగట్టిన మహిళలు ముందు మరుగుదొడ్డి కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు షాపుల చట్టాల్లో ఆ హక్కు చేర్చాయి. మనం ఆ వార్తలు చదివి మెచ్చుకుని, పేపరు మడిచి షాపింగుకు బయల్దేరాం.

అక్కడ కౌంటరు ఇవతల మనకు కుర్చీలు. అవతల అమ్మాయి బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ, చెప్పు విడిచిన ఎడమ పాదంతో కుడి పిక్క రుద్దుకుంటూ చీరలు విప్పుతుంది. కనీసం బేరం తెగేలోపు పది సార్లు మడమలెత్తి దించినా పిక్క పనిచేస్తుంది, ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. స్టూలుకయ్యే ఖర్చు మనం పెళ్లి చీర మీద గుంజే తగ్గింపుకన్నా తక్కువే. ఎవరికైనా దయ పుట్టి “నువ్వూ కూర్చోమ్మా” అన్నారే అనుకుందాం. ఆమె ఫ్లోరు మేనేజరు వైపు ఒకసారి చూసి “పర్లేదు మేడమ్” అంటుంది. అది ఎవరి కోసం అన్న మాటో తెలిసీ, ఇంకో నాలుగు తీసి చూపించమంటాం.