సర్పగంధికి పరీక్ష

ఆదిలాబాదు అడవులలో గోండు, కొలాము, నాయకపోడు వైద్యుల మూలికా పరిజ్ఞానము తరతరములది. కరీంనగరు పల్లెల అంగళ్లలో వేళ్లు, చెక్కలు, చూర్ణములు నేటికిని దొరకును. వానిలో నొక వేరును చూపి, ఇది రక్తపుపోటును తగ్గించునని అమ్మువాడు చెప్పినచో కొనువాడేమి చేయవలెను? నవ్వి పోరాదు, నమ్మి మ్రింగనురాదు.

సర్పగంధి కథ ఇందుకు సాక్ష్యము. పాముకాటునకును, ఉన్మాదమునకును, నిద్రలేమికిని మన వైద్యులు వాడిన వేరది. 1931లో కలకత్తా వైద్యులు గణనాథసేను, కార్తికచంద్ర బోసు దానికి రక్తపుపోటు తగ్గించు గుణము కలదని ప్రకటించిరి. ఆ యేడే ఢిల్లీలో సలీముజ్జమా సిద్దిఖీ దానినుండి క్షారములను వేరుచేసి, యొకదానికి హకీము అజ్మల్‌ఖాను పేరు పెట్టెను. (మొక్కకు మాత్రము శాస్త్రజ్ఞులు జర్మను వైద్యుడగు రౌవోల్ఫు పేరు పెట్టిరి!) 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుంజాల్ వకీలు 50 మంది రోగులకు వేరునిచ్చి, పోటు కొలిచి, ఫలితములను బ్రిటిషు పత్రికలో ప్రకటించెను. లోకము అప్పుడు కన్ను తెరచినది. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థవారు రెసర్పిను అను సారమును తీసిరి. వేరు మనది, లాభము వారిది.

అంతటితో పరీక్ష ముగియలేదు. అమెరికాలో 1967లో ప్రకటింపబడిన పరిశోధనలో, పోటు మిక్కుటముగానున్న 143 మంది పురుషులను రెండు పాళ్లు చేసి, 73 మందికి రెసర్పినుతోగూడ మూడు మందులును, 70 మందికి ఉత్తబిళ్లలును ఇచ్చిరి. ఉత్తబిళ్లలవారిలో 27 మందికి తీవ్రోపద్రవములు కలిగెను; మందు తినినవారిలో ఇద్దరికే. ఇంతకంటె స్పష్టమగు తీర్పు మరేమి కావలెను? ఐనను కీడును బయటపడినది. కొందరు రోగులలో మనోవ్యాకులత గమనింపబడి మోతాదు తగ్గింపబడెను. ఆ సంబంధమెంతటిదను వాదము నేటికిని తెగలేదు. మందు వాడుకయు సన్నగిల్లినది.

అంగడివేరు సంగతి వేరు. రక్తపుపోటు నొప్పివలె రోగికి తెలియునది కాదు. ఈ వేరు మనసును శాంతపరచి నిద్రపట్టించును. రోగి తనకు నయమైనదనుకొనును. పోటు తగ్గెనో లేదో కొలిచిననే తెలియును. సారము వేరు వేరునకు మారును. అమెరికానుండి వచ్చిన చుట్టపు మొక్క వేళ్లును దీనిలో కలియుచున్నవి. ఏ యింటనో ముసలితండ్రి చూర్ణమును నమ్మి బిళ్లలు మానినచో, పక్షవాతము వచ్చిననాడు అమ్మినవాడు కానరాడు.

2017లో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ పథకమునకు మొదట ఎన్నికైన ఐదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. ప్రాథమిక వైద్యశాలలలో పోటు కొలుచు ఏర్పాటును, అగ్గువ బిళ్లలును ఉన్నవి. ఆ చోటనే, మీరు వేళ్లేమైన తినుచున్నారా యని రోగిని కోపపడక అడిగి వ్రాసికొన్నచో పరిశోధనకు నాంది యగును. ఆదిలాబాదు రిమ్సును, కరీంనగరు వైద్యకళాశాలలును అడవి వైద్యుని పిలిచి, అతడు చూపిన మొక్కను గుర్తించి, మోతాదు నిర్ణయించి పరీక్షింపవలయును. సర్పగంధి అంతర్జాతీయ వ్యాపారము 1990 నుండి నియంత్రణలో నున్నది. కావున త్రవ్వి అమ్ముటకాదు, సాగుచేయుట మార్గము. ఫలితము లాభమిచ్చినచో, 2002 జీవవైవిధ్య చట్టము ననుసరించి చూపినవానికి పాలు దక్కవలెను. స్విట్జర్లాండువారిని నిందించిన మనమే గోండు వైద్యుని పాలు ఎగవేయుట తగునా?