ఖాళీ తుపాకీ అనే మూఢనమ్మకం

"తుపాకీ శుభ్రం చేస్తుండగా మిస్‌ఫైర్: కానిస్టేబుల్ మృతి". తెలుగు పేపర్లు చదివేవాళ్ళకి బాగా అలవాటైన రకం వార్త ఇది. ఊరు మారుతుంది, మనిషి మారతాడు, ఒక్కోసారి పోయేది శుభ్రం చేస్తున్నవాడు కాక పక్కన కూర్చున్నవాడు అవుతాడు. "మిస్‌ఫైర్" అన్న మాట మాత్రం మారదు. చదివి, "పాపం, ఆయుష్షు అంతవరకే రాసిపెట్టి ఉంది" అనుకుని పేజీ తిప్పేస్తాం.

ఈ రెండు మాటలూ, అంటే మిస్‌ఫైర్ అనేదీ రాసిపెట్టి ఉండటం అనేదీ, చేసే పని ఒకటే. కారణం అడగకుండా మన నోరు మూయించడం. కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. మన పేపర్లు సరిగ్గా దానికి వ్యతిరేకమైన అర్థంలో వాడుతున్నాయి. అరిగిపోయిన తుపాకీ కిందపడి పేలడం లాంటివి ఎప్పుడో జరుగుతాయి, కాదనను. కానీ శుభ్రం చేస్తుండగా జరిగే వాటిలో సాధారణంగా తుపాకీ తప్పేమీ ఉండదు. ఛాంబర్‌లో తూటా ఉంది, ట్రిగ్గర్ నొక్కారు, పేలింది. దాన్ని తయారు చేసినవాడు ఏ పని కోసం చేశాడో ఆ పనే చేసింది. గురి తప్పింది తుపాకీ కాదు, "ఇది ఖాళీగానే ఉంది" అన్న మనిషి నమ్మకం. పరీక్షించకుండా నిజమని పట్టుకున్న నమ్మకాన్ని మనం ఏమంటాం? దేవుడి విషయంలో, జాతకాల విషయంలో ఏమంటామో ఇక్కడా అదే అనాలి.

ఇది పోలీసు లైన్లలో మాత్రమే జరిగే విషయం కాదు. 2024 నవంబరులో అమెరికాలోని అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి, కొత్తగా కొనుక్కున్న తుపాకీని ఇంట్లో శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడని వార్త వచ్చింది. వీసా మీద ఉన్న విద్యార్థికి అక్కడ తుపాకీ అమ్మకూడదని చట్టం. కానీ హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు తెచ్చుకుని చట్టబద్ధంగానే కొనుక్కోవచ్చు. పోయిన పిల్లవాణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అక్కడ మనవాళ్ళ పిల్లలు లక్షల్లో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లోకి తుపాకులు వస్తున్నాయి. ఆ తుపాకుల గురించి మనం తెలుగులో చెప్పుకునే మాటలు మాత్రం "విధి", "మిస్‌ఫైర్" అనే రెండింటి దగ్గరే ఆగిపోయాయి. అందుకే ఈ వ్యాసం.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం మాయ విడిపోతుంది. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలుగా కనిపించే ఎస్.ఎల్.ఆర్. ఈ రకమే. 1960ల నుంచి ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన 7.62 ఎం.ఎం. తుపాకీ, మ్యాగజైన్‌లో 20 తూటాలు పడతాయి. అమెరికాలో ఇళ్ళల్లో కనిపించే ఏ.ఆర్.-15 కూడా ఈ జాతిదే. ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే ఒక తూటా పేలుతుంది. పేలిన మందు వాయువులో కొంత భాగం వెనక్కి మళ్ళి బోల్ట్‌ని నెడుతుంది. ఆ బోల్ట్ ఖాళీ తొడుగుని బయటికి విసిరేసి, ముందుకి వస్తూ మ్యాగజైన్ నుంచి ఇంకో తూటాని లాగి ఛాంబర్‌లో పెడుతుంది. అంటే ఒక తూటా పేలిన మరుక్షణం ఇంకొకటి సిద్ధం. "ఇప్పుడే పేల్చాను కదా, అయిపోయింది" అన్న ఊహకి ఈ యంత్రంలో చోటే లేదు.

ఖాళీ చేయడానికి రెండు పనులు. మ్యాగజైన్ తీసేయడం, బోల్ట్‌ని వెనక్కి లాగడం. పనులు రెండే, కానీ వరస ముఖ్యం. ముందు మ్యాగజైన్ తీసి తరవాత బోల్ట్ లాగితే, ఛాంబర్‌లో ఉన్న తూటా బయటపడుతుంది, దాని చోట ఇంకోటి రావడానికి ఏమీ లేదు. అదే ముందు బోల్ట్ లాగి వదిలి తరవాత మ్యాగజైన్ తీస్తే? ఉన్న తూటా బయటపడుతుంది, మ్యాగజైన్ నుంచి కొత్తది లోపలికి వెళ్తుంది, ఆ తరవాత మీరు మ్యాగజైన్ తీసి పక్కన పెడతారు. ఒక తూటా కింద పడటం మీరు కళ్ళారా చూశారు. మ్యాగజైన్ మీ చేతిలోనే ఉంది. మీ నమ్మకానికి "ఆధారాలు" రెండు ఉన్నాయి. తుపాకీ మాత్రం నిండుగా ఉంది. ప్రత్యక్షంగా చూశాం అనే వాళ్ళందరికీ చెప్పాల్సిన ఉదాహరణ ఇది. చూశారు నిజమే, కానీ చూడాల్సిన చోట చూడలేదు.

చూడాల్సిన చోటు ఛాంబర్. కాబట్టి శుభ్రం చేసే పని మొదలుపెట్టేది గుడ్డతోనూ నూనెతోనూ కాదు. ఆ పని వరస ఇది:

1. తుపాకీ మూతి మనుషులు లేని దిక్కుకి. అమెరికా అపార్ట్‌మెంటు గోడలు చాలావరకు చెక్క, జిప్సం పలకలు. రైఫిల్ తూటా వాటిని దాటుకుని పక్కింట్లోకి పోతుంది. కాబట్టి "గోడ వైపు పెట్టాను" అన్నది జవాబు కాదు.

2. వేలు ట్రిగ్గర్‌కి దూరం. సేఫ్టీ వెయ్యడం.

3. మ్యాగజైన్ తీయడం. ఆ తరవాతే బోల్ట్‌ని వెనక్కి లాగి అక్కడే నిలపడం.

4. ఛాంబర్‌లోకి వెలుతురులో కంటితో చూడటం, చిటికెన వేలు పెట్టి తడిమి చూడటం. రెండూ చేయాలి. చీకట్లో కన్ను మోసపోవచ్చు.

5. తూటాలన్నీ ఆ గదిలోంచే బయటికి పంపడం. బల్ల మీద నూనె సీసా పక్కన తూటా ఉండకూడదు.

ఇక విడదీయడం. ఎస్.ఎల్.ఆర్. వెనక గడియ తీసినా, ఏ.ఆర్.-15 వెనక పిన్ను నెట్టినా తుపాకీ నడుం దగ్గర వంగి తెరుచుకుంటుంది, బోల్ట్ భాగం బయటికి వస్తుంది. అప్పుడు బ్రష్షు గానీ, పోలీసులు వాడే పుల్‌త్రూ తాడు గానీ ఛాంబర్ వైపు నుంచి మూతి వైపుకి లాగాలి. బోల్ట్‌కి పట్టిన మసి తుడవాలి, రాపిడి ఉన్నచోట పలచగా నూనె రాయాలి, బ్యారెల్ లోపల మిగిలిన నూనెని తుడిచేయాలి. మసిలో సీసం ఉంటుంది కాబట్టి గాలి ఆడే చోట కూర్చోవాలి, అయ్యాక చేతులు కడుక్కోవాలి. ఈ రెండు రైఫిళ్ళనీ విప్పడానికి ట్రిగ్గర్ నొక్కాల్సిన అవసరమే లేదు. గ్లాక్ లాంటి కొన్ని పిస్టళ్ళకి ఉంది, వాటితో ఇంకా జాగ్రత్త.

జెఫ్ కూపర్ అనే అమెరికన్ శిక్షకుడు చెప్పిన నాలుగు సూత్రాల్లో మొదటిది, ప్రతి తుపాకీ ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే లెక్క. దీన్ని కొందరు ఎగతాళి చేస్తారు. "విప్పి బల్లమీద పెట్టినది కూడా నిండుగా ఉందా? ఇదీ ఒక మూఢనమ్మకమే కదా?" అని. కాదు. ఇది లోకం ఎలా ఉందో చెప్పే వాక్యం కాదు, రుజువు బాధ్యత ఎవరిదో చెప్పే నియమం. అతీత శక్తి ఉందన్నవాడే నిరూపించాలి అంటాం కదా, అలాగే ఖాళీ అన్నవాడే నిరూపించాలి. నిరూపించేదాకా నిండుగా ఉన్నట్టే. ఇంకొకరు "ఖాళీయే అన్నయ్యా" అని ఇస్తే మళ్ళీ చూడాలి. అన్నయ్య మీద గౌరవం వేరు, ఛాంబర్‌లో తూటా ఉండటం వేరు. ఆప్తవాక్యం ప్రమాణం కాదని చార్వాకులు ఎప్పుడో చెప్పారు.

"వందసార్లు చేశాను, ఏమీ కాలేదు" అనే వాదన మనకి బాగా తెలిసిందే. తాయెత్తు కట్టుకున్నవాడూ ఇదే చెప్తాడు. లెక్క కోసం ఒక అంకె అనుకుందాం. చూసుకోకుండా శుభ్రం మొదలుపెట్టేవాడికి 500 సార్లలో ఒక్కసారి ఛాంబర్‌లో తూటా ఉండిపోతుందనుకోండి. వారానికోసారి చొప్పున పదేళ్ళు చేస్తే 520 సార్లు. ఈ పదేళ్ళలో కనీసం ఒక్కసారయినా నిండు తుపాకీని ఖాళీ అనుకుని పట్టుకునే అవకాశం దాదాపు 65 శాతం. వంద అనుభవాలు అతన్ని తెలివైనవాణ్ణి చెయ్యలేదు, ధీమా ఉన్నవాణ్ణి చేశాయి.

ఇప్పుడు ఆయుధ పూజ సంగతి. దసరాకి పోలీసు శాఖల్లో తుపాకులు వరసగా పేర్చి పసుపు కుంకుమ పెట్టి హారతి ఇవ్వడం తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది, ఇంకా చాలా రాష్ట్రాల్లో ఉంది. 2019 అక్టోబరు 8న రక్షణ మంత్రి ఫ్రాన్స్ వెళ్ళి రఫేల్ విమానం మీద ఓం రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిన బొమ్మలు అందరూ చూశారు. పూజ సమర్థకులు ఒక మాట అంటారు. పూజ వల్ల ఆయుధం మీద గౌరవం పెరుగుతుంది, గౌరవం వల్ల జాగ్రత్త వస్తుంది అని. తోసిపారేసే మాట కాదిది. పూజకి ముందు రోజు తుపాకులన్నీ దించి, తుడిచి, నూనె పెడతారు. ఆ పని వల్ల తుపాకీ బాగుంటుంది. కానీ పేరు కుంకుమకి పోతుంది. నిమ్మరసం ఉక్కుని తినేస్తుందనీ, తేమ పట్టిన పొడి తుప్పుకి మంచి స్నేహితుడనీ ఏ మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. పాండవులు ఆయుధాల్ని ఏడాదిపాటు జమ్మిచెట్టు మీద వదిలేసి, దించి నేరుగా యుద్ధానికి వెళ్ళారట. కథలో సాగుతుంది, బ్యారెల్‌లో సాగదు.

పూజ ఒక్కటే కాదు, ఆధునికమైన నమ్మకం కూడా చంపుతుంది. వియత్నాం యుద్ధంలో 1965-66 ప్రాంతంలో అమెరికా సైన్యానికి ఎం-16 రైఫిళ్ళు ఇచ్చినప్పుడు, దీన్ని శుభ్రం చెయ్యనక్కర్లేదు అన్న ప్రచారం వ్యాపించింది. కావలసినన్ని క్లీనింగ్ కిట్లు కూడా పంపలేదు. పైగా తూటాల్లో మందు రకం మార్చారు, ఛాంబర్‌కి క్రోమ్ పూత లేదు. పోరాటం మధ్యలో తుపాకులు మొరాయించి సైనికులు చచ్చిపోయారు. 1967లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ జరిపింది. క్రోమ్ పూత వేశారు, కిట్లు పంపారు, శుభ్రం చేసే పద్ధతి నేర్పడానికి విల్ ఐస్నర్ అనే ప్రసిద్ధ చిత్రకారుడి చేత బొమ్మల పుస్తకం వేయించారు. ఎవరూ "విధి" అని ఊరుకోలేదు. కారణాలు విడదీసి చూశారు కాబట్టి మార్పు వచ్చింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. "మీరు చెప్పే వరస కూడా తంతే కదా! పూజారి మంత్రం చదివినట్టు హవల్దారు డ్రిల్లు చెప్తాడు. తేడా ఏమిటి?" పుదుచ్చేరిలో గోరిమేడు ఈ ప్రశ్న ఆలోచించడానికి మంచి చోటు. అక్కడ పోలీసు శిక్షణ పాఠశాల, పెరేడ్ మైదానం ఉన్నాయి. ఆ గోరిమేడులోనే జిప్మర్ ఆసుపత్రి కూడా ఉంది. ఒకచోట తుపాకీ ఖాళీ చేసే వరస నేర్పుతారు, ఇంకోచోట ఆపరేషన్‌కి ముందు సరిచూసుకునే వరస.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల జాబితా ఒకటి తెచ్చింది. రోగి పేరేమిటి, ఏ వైపు కొయ్యాలి, చివర్లో గుడ్డలూ సూదులూ లెక్క సరిపోయాయా, ఇలాంటివి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితంలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కానీ కెనడాలోని ఒంటారియోలో దాన్ని అన్ని చోట్లా అమలు చేశాక 2014లో చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎందుకన్న దానిమీద వాదనలున్నాయి. ఒక వివరణ ఏమిటంటే, కాగితం మీద టిక్కులు పడ్డాయి గానీ మనుషులు ఆగి చూడలేదని. నాకు ఇదే సబబనిపిస్తుంది.

తేడా అక్కడే ఉంది. డ్రిల్లులో ప్రతి అంచెకీ "ఎందుకు?" అని అడిగితే జవాబు ఉంటుంది, ఆ జవాబు తప్పని తేలితే అంచె మారుతుంది. కుంకుమ ఎందుకు అంటే "పెద్దలు పెట్టారు" అన్నదే జవాబు. అలాగే డ్రిల్లు కూడా, చేతులు కదులుతూ కళ్ళు ఎక్కడో ఉంటే, పూజ అయిపోతుంది. పోలీసు డ్రిల్లులో ఛాంబర్ చూశాక చివర ట్రిగ్గర్ నొక్కి స్ప్రింగు వదిలే అంచె ఒకటి ఉంది. చూడకుండా అలవాటుగా ఆ నొక్కుదాకా వచ్చేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆ నొక్కు కూడా మనిషి లేని దిక్కుకే అని నియమం. ఒక కాపలా విఫలమైతే ఇంకోటి ఆదుకోవాలి. మనిషి పొరపాటు చేస్తాడని ముందే ఒప్పుకున్న పద్ధతి ఇది. దేవుడు చూసుకుంటాడు అనే పద్ధతిలో ఆ ఒప్పుకోలు లేదు.

మన దేశంలో మామూలు పౌరుడికి పెద్ద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ లైసెన్సు దొరకదు, దొరకకపోవడమే మంచిది. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకుల సంఖ్య కూడా మూడు నుంచి రెండుకి తగ్గింది. ఇంట్లో తుపాకీ అసలు లేకపోవడమే అన్నిటికన్నా గట్టి రక్షణ అని నా అభిప్రాయం. కానీ ఉన్న ఇళ్ళు ఉన్నాయి, ఉన్న బెల్ ఆఫ్ ఆర్మ్స్ గదులు ఉన్నాయి, బ్యాంకు గార్డుల భుజాలు ఉన్నాయి. అక్కడ చేయగలిగినవి ఉన్నాయి. పేపర్లు "మిస్‌ఫైర్" మానేసి "నిండు తుపాకీని ఖాళీ అనుకోవడం వల్ల" అని రాయొచ్చు. ప్రతి సంఘటన తరవాతా పోలీసు శాఖ ఏ అంచె తప్పిందో బయటపెట్టొచ్చు. అమెరికాలో ఏటా ఘనంగా సభలు చేసే మన తెలుగు సంఘాలు, కల్యాణాల మధ్య ఒక గంట తీసి, కొత్తగా వచ్చిన పిల్లలకి ఈ సంగతి తెలుగులో చెప్పొచ్చు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ వ్యాసం చదువుతుంటే, ఈసారి ఫోన్‌లో "మృత్యుంజయ మంత్రం చదువుకో నాన్నా" అనేబదులు, ఇంట్లో తుపాకీ ఉందా అని అడగండి. ఉందంటే, ఛాంబర్ ఎప్పుడు చూశావని అడగండి. "ఖాళీయే అమ్మా" అంటే నమ్మకండి. వెళ్ళి చూడమనండి.