పరపతి ఎవరిది?



పోయిన వారం స్కాలర్‌షిప్ బకాయిల గురించి రాశాను. ఈ వారం కూడా డబ్బు గురించే, కాకపోతే ఇంకో వైపు నుంచి.

తెలుగులో 'పరపతి' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. సహకార పరపతి సంఘం అన్నప్పుడు అది అప్పు. "ఆయనకు ఊళ్ళో మంచి పరపతి ఉంది" అన్నప్పుడు పలుకుబడి. తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి కాబట్టి ఇలాంటి మాటల దగ్గర కాసేపు ఆగుతాను. అప్పుకూ పలుకుబడికీ ఒకే మాట ఎందుకుందో తెలుసుకోవడానికి ఊళ్ళో పుట్టినవాళ్ళకు నిఘంటువు అక్కర్లేదు. పలుకుబడి ఉన్నోడికే అప్పు పుడుతుంది. కరువొచ్చిన ఏడు షావుకారు ఎవరి ఉద్దెర ముందు బందు పెడతాడో మన అమ్మలకు బాగా తెలుసు.

ఇప్పుడా షావుకారు దుకాణం ఫోన్లోకి వచ్చింది. ఈ భాగం క్రెడిట్ కార్డు లిమిట్ గురించి. నవ్వకండి. "కార్డులు మధ్యతరగతి జబ్బు కదన్నా, ఉద్యమానికి దాంతో ఏం పని" అని స్టడీ సర్కిల్లో ఒక తమ్ముడు నన్నడిగాడు. ఉంది తమ్ముడూ. ఇంట్లో మొదటి తరం జీతం తెచ్చుకుంటున్న మనోళ్ళ జేబుల్లో కార్డు ఎందుకుందో చూడు. నా పక్క సీట్లో కూర్చునే సహోద్యోగికి కష్టమొస్తే ఊళ్ళో నాలుగెకరాలుంది, మామగారున్నారు, బావమరిదికి ఫైనాన్స్ ఉంది. నాకు కష్టమొస్తే ప్లాస్టిక్ ముక్క ఉంది. ఆయన కార్డు సినిమా టికెట్లకు. నా కార్డు నాలుగెకరాల బదులు. ఇద్దరి లిమిట్ ఒకేసారి కోసినా, కోత ఇద్దరికీ ఒకేలా తగలదు.

2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మారటోరియం ప్రకటించింది. కిస్తీలు మూడు నెలలు కట్టకపోయినా ఫర్వాలేదంది, తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చిందంతా ఇదే. అదే వేసవిలో కొన్ని బ్యాంకులు చప్పుడు చేయకుండా కార్డుల లిమిట్లు కోశాయి.

నేనప్పుడు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. ఏప్రిల్ నుంచి జీతం లేదు. ఆ ఏడాది తెలంగాణలో ప్రైవేటు టీచర్లు, లెక్చరర్లు కూరగాయలమ్మారు, ఉపాధి హామీ పనికి పోయారు. మీలో చాలామంది ఇళ్ళల్లో జరిగిందే. అమ్మకు ఇన్సులిన్, ఇంటి అద్దె, ఇంట్లో సరుకులు నా కార్డు మీద నడుస్తున్నాయి. 1,20,000 లిమిట్ ఉన్న ఆ కార్డు ఒక పొద్దున లేచి చూసేసరికి 30,000 అయింది. మెసేజ్‌లో ఒకటే వాక్యం, అంతర్గత విధానం ప్రకారం సవరించామని. ఐదేళ్ళలో ఒక్క నెల కూడా నేను గడువు దాటలేదు. కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా "సిస్టమ్ డెసిషన్ సార్" అంది. పాపం ఆమెకూ అంతకన్నా తెలియదు.

ఇక్కడితో అయిపోలేదు. అప్పటికి నా బాకీ 24,000. లిమిట్ 1,20,000 ఉన్నప్పుడు అది 20 శాతం వాడకం. లిమిట్ 30,000 చేయగానే అదే బాకీ 80 శాతం అయింది. ఇచ్చిన లిమిట్‌లో ఎంత వాడుకున్నావన్నది క్రెడిట్ స్కోరు లెక్కలో ఒక ముఖ్యమైన అంశం. వాడకం శాతం పెరిగితే స్కోరు తగ్గుతుంది. నేను ఒక్క రూపాయి కొత్తగా అప్పు చేయలేదు, ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. అయినా నా స్కోరు పడిపోయింది. కోసింది వాళ్ళు, మార్కులు తగ్గింది నాకు. తగ్గిన స్కోరు చూసి "చూశారా, ఇతనికి లిమిట్ తగ్గించడం సరైనదే" అని ఆ సిస్టమే మళ్ళీ తనకు తాను సర్టిఫికెట్ ఇచ్చుకుంటుంది. బడిలో వెనక బెంచీలో కూర్చోబెట్టి, వెనక బెంచీ పిల్లలకు చదువు రాదని రిజిస్టర్లో రాసిన పంతుళ్ళను చూసినవాళ్ళం. ఈ లెక్క మనకు కొత్తకాదు.

బ్యాంకుల పక్షాన కూడా మాట్లాడుకుందాం. కార్డు అప్పుకు తాకట్టు లేదు. జనం ఉద్యోగాలు పోయిన కాలంలో వాడని లిమిట్ అంతా ఒక్కసారి వాడేస్తే బ్యాంకు మునుగుతుంది, డిపాజిట్లు కూడా ప్రజలవే కదా అంటారు. సరే, ఒప్పుకుంటాను. కానీ మంచి రోజుల్లో మాల్ గుమ్మం దగ్గర టేబుల్ వేసుకుని, దారిన పోయేవాణ్ణి చెయ్యి పట్టుకుని కార్డిచ్చింది కూడా ఈ బ్యాంకులే. రిస్క్ అప్పుడు కనపడలేదు. అదీ పక్కన పెడదాం. కోత తప్పదనే అనుకుందాం. ఎవరిది కోయాలో ఎలా ఎంచుతారు? నా గొడవంతా ఆ ఎంపికతోనే.

దీనికి జవాబు మన దేశంలో దొరకదు. ఎందుకు దొరకదో తర్వాత చెప్తాను. 2008లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు అమెరికాలో కార్డు కంపెనీలు పెద్ద ఎత్తున లిమిట్లు కోశాయి. అట్లాంటా నగరంలో ఒక నల్లజాతి వ్యాపారవేత్త. గడువు తప్పకుండా కట్టే మనిషి, మంచి స్కోరు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఆయన లిమిట్‌ను 10,800 డాలర్ల నుంచి 3,800 డాలర్లకు తగ్గించింది. ఉత్తరంలో చెప్పిన కారణాల్లో ఒకటి వినండి: మీరు ఈ మధ్య కొన్న చోట్ల కార్డు వాడిన ఇతర కస్టమర్లు మాకు సరిగా బాకీ తీర్చడం లేదు.

ఇంకోసారి చదవండి. నువ్వు బాకీ ఉన్నావని కాదు. నువ్వు వెళ్ళిన దుకాణానికి వచ్చేవాళ్ళు బాకీ ఉన్నారని. ఆయన చేసిన తప్పు ఆ గుమ్మం తొక్కడం.

అదే ఏడాది అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కాంప్యుక్రెడిట్ అనే కంపెనీ మీద కేసు వేసింది. పాత టైర్లకు రీట్రెడింగ్ చేయించుకున్నా, తాకట్టు దుకాణానికి వెళ్ళినా, దంపతుల కౌన్సెలింగ్‌కు డబ్బు కట్టినా లిమిట్ తగ్గే లెక్క వాళ్ళది. కొత్త టైరు కొనలేనివాడే కదా పాత టైరుకు రబ్బరు అతికించుకునేది! కమిషన్ తప్పు పట్టింది కూడా ఆ లెక్కను కస్టమర్లకు చెప్పకుండా దాచినందుకే. లెక్క వేసినందుకు కాదు.

నల్లవాడివి కాబట్టి కోశామని ఏ ఉత్తరంలోనూ ఉండదు. 1930లలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాలు గీసి నల్లజాతి పేటలకు ఎర్రరంగు పూసింది. ఆ రంగు పడ్డ పేటల్లో అప్పు పుట్టడం గగనమైంది. ఎనభై ఏళ్ళ తర్వాత పటం అక్కర్లేదు, బిల్లు చాలు. నువ్వెక్కడ ఉప్పు కొన్నావో తెలిస్తే నువ్వెవరివో తెలుస్తుంది.

మనిషిని అతని నడవడికతో కాకుండా అతని పొత్తుతో కొలవడం. ఎవరి పక్కన ఉంటాడు, ఎవరితో తింటాడు, ఏ బావి నీళ్ళు తాగుతాడు. దీనికి మన దేశంలో వేరే పేరుంది. కొలంబియాలో అర్థశాస్త్రం చదివి వచ్చి, 1917లో బరోడా కొలువు వదులుకున్నాక బాబాసాహెబ్ అంబేద్కర్ బతుకుతెరువు కోసం పెట్టుబడుల సలహాలిచ్చే చిన్న వ్యాపారం పెట్టుకున్నారు. సలహాలు చెడ్డవై మూతపడలేదు అది. ఆయన అంటరానివాడని తెలిసి ఖాతాదారులు రావడం మానేశారు. తర్వాత రూపాయి సమస్య మీద లండన్‌లో థీసిస్ రాసిన మనిషికే బొంబాయిలో పరపతి పుట్టలేదు.

ఇక మన సంగతి. అప్పులివ్వడంలో కులం, మతం, లింగం ఆధారంగా వివక్ష చూపొద్దని రిజర్వు బ్యాంకు ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌లో ఒక వాక్యం ఉంది. మంచిదే. కార్డు దరఖాస్తులో కులం గడి కూడా లేదు. కానీ చిరునామా గడి ఉంది. నా ఆధార్‌లో రెండో లైను 'ఎస్సీ కాలనీ'. ఇంకెవరు ఏమడగాలి? వెరిఫికేషన్, రికవరీ పనులు చేసిన మన పిల్లల్ని అడగండి, 'నెగెటివ్ ఏరియా' అంటే ఏమిటో చెప్తారు. నాది కులం చూసే కోశారని నేను నిరూపించలేను. ఒక్కడి కార్డుతో అది నిరూపణ కాదు కూడా. నిరూపించే వీలు లేకుండా ఉండటమే ఇక్కడ వ్యవస్థ.

అట్లాంటా మనిషికి కారణం ఎలా తెలిసింది? ఖాతాదారుకు నష్టం చేసే నిర్ణయం తీసుకుంటే కారణం చెప్పాలని అక్కడ 1970ల నుంచి చట్టముంది. ఆ కారణాన్ని ఆయన పట్టుకుని లోకానికి చూపించాడు, గొడవైంది, 2009లో తెచ్చిన కార్డుల చట్టం ఈ పద్ధతి మీద నివేదిక ఇవ్వమని వాళ్ళ కేంద్ర బ్యాంకును ఆదేశించింది. మన దగ్గర 2022 ఏప్రిల్ నాటి రిజర్వు బ్యాంకు మాస్టర్ డైరెక్షన్ తీసి చూడండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. లిమిట్ పెంచాలంటే మన అనుమతి తీసుకోవాలి. లిమిట్ తగ్గిస్తే? తెలియజేస్తే చాలు. తెలియజేయడమంటే నాకు వచ్చిన ఆ ఒక్క వాక్యమే.

పెద్దోళ్ళకు ఏం జరుగుతుందో కూడా చూడాలి. 2022 మార్చితో ముగిసిన ఐదు ఆర్థిక సంవత్సరాల్లో బ్యాంకులు 10 లక్షల కోట్ల రూపాయల పైన మొండి బాకీలను రైటాఫ్ చేశాయని ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పారు. రైటాఫ్ అంటే మాఫీ కాదని నాకూ తెలుసు, ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వసూలు చేస్తూనే ఉంటారట. వసూలు చేయండి. వాళ్ళు ఏ దుకాణంలో కొంటున్నారో, పక్కింట్లో ఎవరున్నారో కూడా ఒకసారి చూడండి మరి.

బ్యాంకు తలుపు మూసుకున్న చోట ఇంకో తలుపు తెరుచుకుంటుంది. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు గుర్తున్నాయా? ఫోన్లోని నంబర్లన్నీ లాగి, బంధువులకూ స్నేహితులకూ "వీడు దొంగ" అని పంపించేవాళ్ళు. అక్కడా అదే కిటుకు. మనిషిని పట్టుకోవడానికి అతని పొత్తును పట్టుకోవడం.

విద్యార్థి సంఘాలకు నా ప్రతిపాదన. 'తెలియజేయాలి' అన్న చోట 'కారణం రాతపూర్వకంగా చెప్పాలి' అని మార్చమని రిజర్వు బ్యాంకుకు రాద్దాం. అమెరికాలో 1975 నుంచి ఇంటి అప్పుల వివరాలు ప్రాంతాలవారీగా బయటపెట్టాలని చట్టముంది. అలాగే ఏ పిన్‌కోడ్‌లో ఎన్ని లిమిట్లు కోశారో ప్రతి బ్యాంకూ ఏటా బయటపెట్టాలని అడుగుదాం. మీ లిమిట్ కోసి ఉంటే ముందు బ్యాంకుకు రాతలో కారణం అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు, ఫీజు లేదు. ఆ ఉత్తరాలు తెలుగులో, ఇంగ్లీషులో రాసిపెట్టాను. కావలసినవాళ్ళు అడిగితే పంపుతాను.

వచ్చే వారం: 'ష్యూరిటీ సంతకం'. వాడలో ఎవరూ ఎందుకు పెట్టరో, ఊళ్ళో ఎవరు ఎవరికి పెడతారో మాట్లాడుకుందాం.

జై భీమ్.